చలి రాత్రులకు తక్కువ ఖర్చులో తేలికైన టెంటు: హైదరాబాద్ నుంచి కొండలకు బయల్దేరేవాళ్ల కోసం

మొదటి టెంటు కొన్న రోజు రాత్రి దాన్ని మా అపార్ట్‌మెంట్ మేడ మీద వేసుకుని అందులోనే పడుకున్నాను. డిసెంబరు నెల. పొద్దున ఆరింటికి బట్టలు ఆరేయడానికి వచ్చిన మూడో అంతస్తు ఆంటీ టెంటు మీద తట్టి, "ఏం బాబూ, ఇంట్లో ఏమన్నా గొడవైందా?" అని అడిగారు. గొడవేం లేదు ఆంటీ, హిమాలయాలకు ప్రాక్టీసు అన్నాను. టెంటు బాగానే ఉందనిపించింది. మూడు వారాలు తిరక్కుండానే ఉత్తరాఖండ్‌లో అదే టెంటు అర్ధరాత్రి మా మీద కూలింది. ఎందుకు కూలిందో కింద చెప్తాను.

నాకు పక్షుల ఫొటోల పిచ్చి ఉంది. మంచి పక్షులు చలికాలంలోనే, జనం తిరగని చోటే దొరుకుతాయి. అలాంటి చోట నాలుగైదు రాత్రులు ఉండాలంటే ఏ టెంటు కొనాలి అని వెతికితే నాకు ఎక్కువగా తగిలింది అమెరికా వేటగాళ్ల సలహాలు. రాకీ పర్వతాల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు వెళ్తారు వాళ్లు. దారి వదిలి లోపలికి నడవడం, సామానంతా వీపున మోయడం, తెల్లారకముందే లేచి చప్పుడు చేయకుండా కూర్చోవడం. నేను చేసేదీ అదే, చేతిలో తుపాకి బదులు కెమెరా. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం కాబట్టి ఆ మాట ఇక్కడితో వదిలేద్దాం. టెంట్ల విషయంలో మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది, నేర్చుకోకూడనిది కూడా ఉంది.

అసలు విషయం ముందే చెప్పేస్తా. టెంటు మనల్ని వెచ్చగా ఉంచదు. గాలిని ఆపుతుంది, తడిని ఆపుతుంది, అంతే. లోపలి వేడి బయటికంటే ఏ రెండు మూడు డిగ్రీలో ఎక్కువ ఉంటుంది. ఈ సంగతి తెలియకే మనవాళ్లు టెంటుకు అవసరానికి మించి ఖర్చుపెట్టి, ఒంటికింద పరుచుకునే దాని దగ్గర పిసినారితనం చేస్తారు. నేనూ చేశాను.

1. ఏ చలికి కొంటున్నారో ముందు తేల్చుకోండి

"చలికాలం టెంటు" అనే మాటకు అర్థం లేదు. మనం వెళ్లే చోట్లను నేను మూడు రకాలుగా చూస్తాను.

వికారాబాద్ దగ్గరి అనంతగిరి లాంటి చోట్ల జనవరిలో రాత్రి చలి వేస్తుంది గానీ ఇబ్బంది పెట్టదు. అక్కడ ఏ టెంటైనా నడుస్తుంది. ఒక మంచి దుప్పటి చాలు.

రెండో రకం ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు, లేదా ఆంధ్రలో లంబసింగి వైపు. చలి బాగా ముదిరిన రాత్రుల్లో సింగిల్ డిజిట్‌కి దిగుతుంది. మంచు కురవదు కానీ పొగమంచు, తేమ విపరీతం. తెల్లారేసరికి టెంటు వాన పడ్డట్టు తడిసి ఉంటుంది. ఇక్కడ చలికంటే తేమతోనే తంటా.

మూడోది హిమాలయం. సముద్రమట్టం నుంచి పైకి వెళ్లేకొద్దీ వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. ఉత్తరాఖండ్‌లో సారి అనే ఊరు సుమారు 2,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ రాత్రి 4 డిగ్రీలుంటే, 2,700 మీటర్ల దగ్గరున్న చోప్తాలో సున్నాకి అటూఇటూ ఉంటుందని అనుకోవచ్చు. 3,680 మీటర్ల తుంగనాథ్ దగ్గరైతే ఇంకా ఆరేడు డిగ్రీలు తీసేయండి. దీనికి గాలి తోడైతే ఒంటికి తెలిసే చలి వేరే.

మీరు ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తారు, అందులో నిజంగా మంచు మీద పడుకునే రాత్రులెన్ని అని నిజాయితీగా లెక్కేసుకోండి. నా లెక్కలో పది రాత్రుల్లో రెండు కూడా రాలేదు. ఆ రెండు రాత్రుల కోసం "ఫోర్ సీజన్" అని రాసిన, మూడు నాలుగు కిలోల బరువుండే, జేబు ఖాళీ చేసే టెంటు కొనక్కర్లేదు. అడుగులకొద్దీ మంచు కురిసే చోట, చెట్టు లేని శిఖరాల మీద పడుకునేవాళ్లకు అది కావాలి. మిగతా అందరికీ గట్టిగా నిలబడే "త్రీ సీజన్" టెంటు సరిపోతుంది.

ఇంకోటి. టైగర్ రిజర్వుల్లో, అభయారణ్యాల్లో ఇష్టమొచ్చిన చోట టెంటు వేయకూడదు. అటవీశాఖ అనుమతి కావాలి. చోప్తా ప్రాంతం కేదార్‌నాథ్ వన్యప్రాణి అభయారణ్యంలోకి వస్తుంది. అందుకే మేము సారి ఊళ్లోనే ఒకాయన్ని అడిగి ఆయన పొలంలో వేసుకున్నాం.

2. డబ్బులు పంచుకోవడం

చేతిలో ఉన్న డబ్బును నాలుగు భాగాలు చేయండి. టెంటుకు ఒకటిన్నర భాగం దాటనివ్వకండి. మిగతా రెండున్నర భాగాలు స్లీపింగ్ బ్యాగుకు, కింద పరుచుకునే మ్యాటుకు.

మ్యాటు గురించి రెండు ముక్కలు. దానికి "ఆర్ వాల్యూ" అని ఒక అంకె ఉంటుంది. నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె అది. మన అనంతగిరికి 2 ఉన్నా చాలు. గడ్డకట్టిన నేల మీద, మంచు మీద 4కు పైన కావాలి. ఇందులో పేదవాడికి పనికొచ్చే కిటుకు ఏమిటంటే ఈ అంకెల్ని కూడుకోవచ్చు. సుమారు 2 ఉండే ఫోమ్ మ్యాటు మీద ఇంకో రెండున్నర ఉన్న గాలి మ్యాటు వేస్తే నాలుగున్నర అవుతుంది. ఇంట్లో ఉన్న పల్చటి యోగా మ్యాటును నమ్ముకోకండి, అది నేల చలిని లెక్కలోకి వచ్చేంత ఆపదు.

స్లీపింగ్ బ్యాగు మీద మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. కొన్ని కంపెనీలు చివరిదాన్ని పెద్ద అక్షరాలతో వేస్తాయి. ఆ ఎక్స్‌ట్రీమ్ అనేది హాయిగా పడుకునే లెక్క కాదు, ప్రాణం నిలిచే లెక్క. కంఫర్ట్ అంకె చూసి కొనండి. ఏడాదికి ఒక్క ట్రిప్పే అయితే కొనకండి, ట్రెక్కులు మొదలయ్యే ఊళ్లల్లో అద్దెకు దొరుకుతాయి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన కురుమ గొర్రెలకాపరులు వానలో, చలిలో మందతో పాటు బయట పడుకున్నది ఏ టెంటులో? దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన నల్లటి గొంగడి కప్పుకుని. తడిసినా ఉన్ని వెచ్చదనం పూర్తిగా పోదు. బరువు ఎక్కువ కాబట్టి వీపున మోసే ట్రిప్పుకు పనికిరాదు. కారు వెళ్లే చోటికైతే నేను ఇప్పటికీ మ్యాటు మీద గొంగడి పరుస్తాను.

3. బరువు: అట్టపెట్టె మీది అంకెను నమ్మొద్దు

టెంటుకు రెండు బరువులు ఉంటాయి. ఒకటి లోపలి గుడ్డ, దాని మీద కప్పే పైగుడ్డ, టెంటును నిలబెట్టే కడ్డీలు (పోల్స్) మాత్రమే కలిపింది. రెండోది నేలలోకి దిగగొట్టే మేకులు (పెగ్గులు), తాళ్లు, సంచులు అన్నీ కలిపింది. ప్రకటనల్లో మొదటిది వేస్తారు, మన వీపు మోసేది రెండోది. రెంటికీ మధ్య మూడు, నాలుగు వందల గ్రాముల తేడా మామూలే. షాపుకు వెళ్లేటప్పుడు సామాను తూచే చేతి త్రాసు, అదే ఎయిర్‌పోర్టుకు వెళ్లేముందు సూట్‌కేసు వేలాడదీసేది, జేబులో పెట్టుకుని వెళ్లండి. సేల్స్ కుర్రాడు కాస్త వింతగా చూస్తాడు, పర్లేదు.

ఇద్దరికి సరిపడే టెంటు అన్నీ కలిపి రెండున్నర కిలోల లోపు ఉంటే మంచిది. ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరికి కిలోంబావు. ఒకరు గుడ్డ, ఇంకొకరు పోల్స్, పెగ్గులు. రెండు కిలోల లోపువి కూడా ఉన్నాయి కానీ అక్కడినుంచి తగ్గే ప్రతి వంద గ్రాములకూ ధర గంతులేస్తుంది. కిలోన్నర టెంటు కోసం రెట్టింపు పెట్టే బదులు బ్యాగులోంచి అక్కర్లేని జీన్స్ ప్యాంటు తీసేయండి, బరువు అక్కడే తగ్గుతుంది.

విమానంలో వెళ్తే మన దేశీయ సర్వీసుల్లో మామూలుగా ఇచ్చేది 15 కిలోల చెక్-ఇన్ లగేజీ. పెగ్గులు చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు, చెక్-ఇన్‌లో వేయండి. గ్యాస్ డబ్బాలు ఎందులోనూ ఒప్పుకోరు. రైల్లో ఢిల్లీ దాకా వెళ్లేవాళ్లకు తూకం టెన్షన్ తక్కువ, నేను అలాగే వెళ్తాను.

4. పోల్స్: ఎక్కడ తగ్గినా ఇక్కడ తగ్గొద్దు

నా టెంటు కూలింది వీటి వల్లే.

చవక టెంట్లకు ఫైబర్‌గ్లాస్ పోల్స్ వస్తాయి. షాపులో వంచి చూపిస్తారు, విల్లులా వంగుతుంది, మనకు ముచ్చటేస్తుంది. "పక్కా స్ట్రాంగ్ అన్నా, విరిగే సవాలే లేదు" అన్నాడు నాకు అమ్మినతను. పోల్ అంటే నిజానికి ఒక్క కడ్డీ కాదు. ఏడెనిమిది ముక్కలు, వాటి లోపల సాగే ఎలాస్టిక్ తాడు. ఒక ముక్క చివర ఇంకో ముక్క చిన్న లోహపు గొట్టంలోకి దూరి కూర్చోవాలి. హైదరాబాద్‌లో మేడ మీద అయితే పోల్‌ను ఒకసారి ఝాడిస్తే చాలు, ముక్కలన్నీ టకటకా వాటంతట అవే కూర్చున్నాయి. చలిలో ఆ ఎలాస్టిక్‌కు సాగే గుణం తగ్గిపోతుంది. సారి పొలంలో చీకటి పడుతుంటే, చేతులు కొంకర్లు పోతుంటే, నేను అలాగే ఝాడించి వేశాను. ఒక ముక్క గొట్టంలోకి సగమే దూరింది. నేను చూసుకోలేదు.

రాత్రి ఒంటిగంట దాటాక గాలి మొదలైంది. పోల్ వంగినప్పుడల్లా బరువంతా ఆ సగం దూరిన అంచు మీదే పడుతోంది. ఎండిన చెరకు గడ విరిచినట్టు చప్పుడు వినపడింది, టెంటు ముఖం మీదకు వచ్చేసింది. టార్చి వేసి చూస్తే కడ్డీ అడ్డంగా విరగలేదు, నిలువునా చీలింది. చీలిన చోట తెల్లటి నారలాగా గాజుపోగులు బయటికొచ్చాయి. అవి ఉన్ని గ్లవ్ లోంచి దూరి వేలికి గుచ్చుకున్నాయి, ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు గరగరలాడాయి. మా ఫ్రెండు "బావా, కదలకు" అంటూ టెంటు గుడ్డను చేతులతో ఎత్తి పట్టుకుంటే, నేను ఒక పెగ్గును చీలిక పక్కన ఆనించి, దాని చుట్టూ వెడల్పాటి టేపు పది చుట్లు చుట్టాను. తెల్లారేదాకా నిలబడింది. మోనాల్ పక్షి మాత్రం ఆ రోజు కనపడలేదు, కనపడినా ఫోకస్ చేసే ఓపిక ఎవరికీ లేదు.

కాబట్టి అల్యూమినియం పోల్స్ ఉన్నదే తీసుకోండి. వివరాల్లో 7001 అనో 7075 అనో రాసి ఉంటుంది, అవి గట్టి మిశ్రమలోహాల నంబర్లు. ఊరికే "అల్లాయ్" అని రాస్తే ఏ నంబరని అడగండి. అల్యూమినియం విరిగేముందు వంగుతుంది, అంటే మనకు హెచ్చరిక ఇస్తుంది. బరువు కూడా తక్కువ. మనసు పడిన టెంటుకు ఫైబర్‌గ్లాసే ఉంటే, పోల్స్ పొడవు, మందం కొలుచుకుని అల్యూమినియం సెట్టు విడిగా తెప్పించుకునే వీలుందేమో చూడండి.

ఏ పోల్ అయినా ఝాడించి కలపొద్దు. ఒక్కో ముక్కను చేత్తో పట్టి, చివరిదాకా తోసి, సందు లేదని వేలితో తడిమి చూడండి. ఒక నిమిషం ఎక్కువ పడుతుంది. పోల్ మీదకు తొడిగే చిన్న అల్యూమినియం గొట్టం ముక్క టెంటుతో పాటు రావాలి, రాకపోతే అడిగి తీసుకోండి. విరిగిన చోటికి దాన్ని జరిపి రెండు పక్కలా టేపు వేస్తే ట్రిప్పు ముగిసేదాకా లాగించొచ్చు.

5. గుడ్డ

గుడ్డ దగ్గర మూడు విషయాలు చూస్తాం.

మొదటిది డెనియర్. 20డి, 40డి, 70డి అని ఉంటుంది, దారం ఎంత మందమో చెప్పేది. చిన్నదైతే తేలిక, పెద్దదైతే మొరటు. పైగుడ్డ 20డి అయినా సరే, అడుగు గుడ్డ 40 పైన ఉంటే మన రాతి నేలలకు మంచిది. 190టి, 210టి అని రాసేది వేరే లెక్క, అది నేతలో దారాల సంఖ్య. రెంటినీ పోల్చి తికమక పడకండి.

రెండోది నీటిని ఆపే లెక్క, మిల్లీమీటర్లలో ఉంటుంది. 1500 అంటే గుడ్డ మీద ఒకటిన్నర మీటర్ల ఎత్తు నీటి స్తంభం నిలబెట్టేదాకా కారదని అర్థం. పైగుడ్డకు ఆపాటి చాలు. అడుగుకు మాత్రం 3000 కావాలి, ఎందుకంటే తడి నేల మీద మనం మోకాళ్లూనితే పడే ఒత్తిడి వానచినుకు ఒత్తిడి కంటే చాలా ఎక్కువ.

మూడోది పూత. నైలాన్ మీద సిలికాన్ పూత తేలిక, చిరగడానికి మొండికేస్తుంది, కానీ తడిస్తే నైలాన్ సాగి వేలాడుతుంది. సాయంత్రం బిగించిన టెంటు అర్ధరాత్రికి వదులైతే అదే కారణం, లేచి తాళ్లు మళ్లీ లాగాలి. పాలియెస్టర్ మీద పాలీయూరిథేన్ పూత చవక. తడికి సాగదు, ఎండకూ కాస్త ఓర్చుకుంటుంది. తక్కువ ఖర్చులో నేను రెండోదానికే ఓటేస్తాను. దాని కుట్ల మీద లోపలివైపు పారదర్శకమైన టేపు అతికించి ఉండాలి. గుడ్డకు రెండువైపులా సిలికాన్ ఉంటే టేపు అంటుకోదు, కుట్లకు మనమే సీలెంటు పూసుకోవాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే తెల్లటి సిలికాన్‌ను మినరల్ టర్పెంటైన్‌లో పలచన చేసి, బాల్కనీలోనో మేడ మీదో, గాలి ఆడే చోట బ్రష్‌తో పూస్తే సరి.

లోపలి గుడ్డ సంగతి మాత్రం ఎవరూ అడగరు. వేసవి టెంట్లకు లోపలంతా దోమతెర లాంటి జాలీ ఉంటుంది. చలిగాలి అందులోంచి నేరుగా ముక్కుకు తగులుతుంది. గాలికి ఎగిరే పొడిమంచు పిండిలా లోపలికి రాలుతుంది. పూర్తిగా గుడ్డే ఉంటే వెచ్చన, కానీ ఏప్రిల్‌లో మన దగ్గర అందులో పడుకోలేం. కింది సగం గుడ్డ, పై సగం జాలీ ఉన్నదైతే హైదరాబాద్ మనిషికి ఏడాదంతా పనికొస్తుంది.

ఇంకా ఒక్క పొర టెంట్లు కూడా ఉంటాయి. చవక, తేలిక. చలికి తీసుకోకండి. ఇద్దరు పడుకుంటే ఊపిరితో బయటికొచ్చే తేమ తెల్లారేసరికి గ్లాసుల లెక్కలో ఉంటుంది. అది చల్లటి గుడ్డకు తగిలి నీరవుతుంది. రెండు పొరలుంటే ఆ నీరు బయటి పొర లోపలివైపు జారి కిందికి పోతుంది. ఒకే పొర అయితే మన స్లీపింగ్ బ్యాగు మీదకే.

6. ఆకారం, సైజు

పెగ్గులు లేకుండా తనంతట తాను నిలబడే గుమ్మటం ఆకారం మనకు మంచిది. దక్కన్ అంతా గ్రానైట్ బండలు. పెగ్గు అంగుళం కూడా దిగని చోట, నాలుగు మూలలా రాళ్లకు కట్టేసుకోవచ్చు. సొరంగం ఆకారం టెంట్లు అదే బరువుకు ఎక్కువ చోటిస్తాయి కానీ పెగ్గులు దిగకపోతే నిలబడవు. నడక కర్రలతో నిలబెట్టే కోనాకారపువి అన్నిటికంటే తేలిక, అలవాటైనవాళ్లకు.

పైగుడ్డ నేలదాకా రావాలి. కొన్ని చవక టెంట్లలో అది పైన టోపీలా ఆగిపోతుంది, కింద రెండడుగులు ఖాళీ. షాపులో చూడ్డానికి బానే ఉంటుంది. గాలిలో పనికిరాదు.

"ఇద్దరి టెంటు" అంటే భుజాలు రాసుకునే ఇద్దరికని. వెడల్పు 130 సెంటీమీటర్లు ఉంటే రెండు మ్యాట్లు పక్కపక్కనే పడతాయి, అంతే. చలికాలంలో బ్యాగు లావు, బట్టలు లావు. ఆరడుగుల మనిషికి లోపలి పొడవు 215 సెంటీమీటర్లన్నా ఉండాలి. లేకపోతే కాళ్ల దగ్గర స్లీపింగ్ బ్యాగు గుడ్డకు తగిలి తడిసిపోతుంది. బూట్లు, బ్యాగులు పెట్టుకోవడానికి తలుపు బయట పైగుడ్డ కింద చిన్న వసారా ఉండాలి. ఇద్దరైతే రెండు తలుపులు, రెండు వసారాలు. తెల్లవారుజామున నాలుగింటికి లేచేవాడు పక్కవాణ్ని తొక్కకుండా బయటపడతాడు.

అమెరికా వేటగాళ్లు బాగా మెచ్చుకునే ఇంకో రకం ఉంది: అడుగు లేని కోనాకారపు డేరా, మధ్యలో రేకు పొయ్యి, గుడ్డలోంచి బయటికి పొగగొట్టం. చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. మనకు కుదరదు. పొయ్యికి కట్టెలు కావాలి, మన రక్షిత అడవుల్లో అనుమతి లేకుండా కట్టె ఏరకూడదు. పైగా అడుగు లేని టెంటులో తేళ్లు, పాములు ఉన్న నేల మీద నేనైతే పడుకోను.

రంగు ముదురాకుపచ్చో మట్టిరంగో అయితే పక్షులు, ఊళ్లో జనం రెండూ మనల్ని పట్టించుకోవు. అయితే మంచులో దారి తప్పితే ఆ రంగే శత్రువు. లోపల ఒక నారింజ రంగు గుడ్డముక్క పెట్టుకుంటే చాలు.

7. షాపులో

ఊళ్లో డెకాథ్లాన్ లాంటి పెద్ద షాపుల్లో టెంట్లు వేసి పెడతారు. లోపలికి దూరి పడుకోండి, మొహమాటపడొద్దు. కూర్చుంటే తల తగులుతుందా చూడండి. జిప్పును ఒక్క చేత్తో, కళ్లు మూసుకుని పదిసార్లు తీసి వేయండి. గుడ్డ పళ్లలో ఇరుక్కుంటే చలిలో రోజూ ఇరుక్కుంటుంది. పైగుడ్డ అంచును నోటికి ఆనించి గట్టిగా ఊదండి. గాలి అవతలికి పోతే పూత సరిగా లేదని అర్థం. ఎవరైనా వాడి అమ్మేస్తున్న టెంటు అయితే ముందు వాసన చూడండి. పాత పాలీయూరిథేన్ పూత పాడైతే పులిసిన వాసన వస్తుంది, చేతికి జిగటగా అంటుతుంది. బేరమాడే పని లేదు, వదిలేయండి.

టెంటుతో వచ్చే సన్నటి తీగ పెగ్గులు రెండో ట్రిప్పుకే వంకర పోతాయి. అల్యూమినియం పెగ్గులు, ఇంగ్లిష్ వి ఆకారంలో ఉండేవి, జానెడు పొడవువి పది కొనుక్కోండి. అదనపు తాడు, అడుగున పరిచే ప్లాస్టిక్ షీటు బేగంబజారు వైపు వెళ్తే చవగ్గా దొరుకుతాయి. షీటును టెంటు అడుగు కంటే రెండంగుళాలు చిన్నగా కత్తిరించండి. బయటికి పొడుచుకొస్తే వాన నీళ్లను పట్టి కిందికి తెస్తుంది.

8. మేడ మీద పరీక్ష

కొన్న వారంలోనే చేయండి, వెనక్కిచ్చే గడువు దాటకముందే.

మేడ మీద పెగ్గులు దిగవు కాబట్టి నాలుగు మూలలా 20 లీటర్ల నీళ్ల క్యాన్లు పెట్టి తాళ్లు కట్టండి. లోపల నేలంతా పాత పేపర్లు పరవండి. తలుపులు మూసి, పైపుతో పావుగంట పాటు వాన పడ్డట్టు నీళ్లు కొట్టండి, కుట్ల మీద ఎక్కువసేపు. తర్వాత పేపర్లు తీసి చూస్తే ఎక్కడెక్కడ చుక్క పడిందో మరకలు చెప్తాయి. నా రెండో టెంటుకు తలుపు పైమూల కింద రూపాయి బిళ్లంత మరక కనపడింది. టేపు అక్కడ లేచి ఉంది. దాన్ని మార్చి ఇచ్చారు.

పోల్స్‌ను రెండు గంటలు ఫ్రిజ్ ఫ్రీజర్‌లో పెట్టండి. వంకరగా పెడితే పడతాయి. తీసి వెంటనే, ఉన్ని గ్లవ్స్ వేసుకుని, లైట్లు ఆర్పి టెంటు వేయడానికి ప్రయత్నించండి. నా మొదటి టెంటుకు ఈ పని చేసి ఉంటే ఆ సగం దూరిన ముక్క సంగతి సైనిక్‌పురిలో మా మేడ మీదే తెలిసేది. పది నిమిషాల్లో వేయగలిగేదాకా ప్రాక్టీసు చేయండి.

9. అక్కడికి వెళ్లాక

చల్లగాలి బరువు, నీళ్లలాగా పల్లానికి పారుతుంది. వాగు ఒడ్డు, లోయ అడుగు అందంగా కనపడతాయి గానీ రాత్రి అక్కడే ఎక్కువ చలి. కొంచెం పైకి, గాలికి చాటుగా వేసుకోండి. చెట్టు కొమ్మల కింద అయితే టెంటు మీద మంచు తక్కువ పడుతుంది. ఎండు కొమ్మలు లేని చెట్టు చూసుకోండి.

మంచులో పెగ్గులు నిలవవు. చిన్న గుడ్డసంచిలో మంచు నింపి, దాని మూతికి తాడు కట్టి, అడుగు లోతున పాతి తొక్కండి. పావుగంట, ఇరవై నిమిషాలకు బిగుసుకుంటుంది. తాళ్లకు, లారీ మీద సరుకు బిగించే ముడి నేర్చుకుంటే తాడు బిగించే ప్లాస్టిక్ బిళ్లల అవసరమే ఉండదు.

చలిగా ఉందని గాలి రంధ్రాలన్నీ మూసేయకండి. మూస్తే ఊపిరి తేమ అంతా పైగుడ్డ లోపల తెల్లటి మంచుపొరగా పేరుకుంటుంది. తెల్లారి టెంటు కదిపితే అది మెడ మీద రాలుతుంది. పైన ఒకటి, కింద ఒకటి తెరిచి ఉంచండి. తడి సాక్సులు లోపల ఆరేయొద్దు. కెమెరాను చలిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చేముందు జిప్ కవర్లో వేసి మూయండి, లేకపోతే లెన్సు లోపల తేమ పడుతుంది. బ్యాటరీలు స్లీపింగ్ బ్యాగులో మీతో పాటు పడుకోవాలి.

టెంటు లోపల స్టవ్ వెలిగించొద్దు, బొగ్గుల కుంపటి అసలే వద్దు. నిప్పు అంటుకోవడం ఒక్కటే కాదు భయం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. వంట బయటే. అన్నట్టు చవక బ్యూటేన్ డబ్బాలు సున్నా డిగ్రీల దగ్గర మొరాయిస్తాయి, ప్రొపేన్ కలిపిన గ్యాస్ చూసుకోండి. రాత్రి చలి ఆగకపోతే స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, సాక్సులో పెట్టి కాళ్ల దగ్గర ఉంచుకోండి.

10. ఇంటికొచ్చాక

ఎంత అలసిపోయినా ఆ రోజే సంచిలోంచి తీసి నీడలో ఆరేయండి. తడిగా రెండు రోజులు మూటలో ఉంటే బూజు పడుతుంది. కుట్ల దగ్గర తడి చివరిదాకా ఉంటుంది, చేత్తో తడిమి చూడండి. తర్వాత దాని బిగుతు సంచిలో కుక్కొద్దు. అటక మీద అసలే పెట్టొద్దు. మన స్లాబుల కింద మే నెలలో ఉండే వేడికి పూత త్వరగా పాడై, జిగటగా మారి గుడ్డ గుడ్డకు అంటుకుంటుంది. మా ఇంట్లో అది పాత దిండు గలీబులో వదులుగా, బీరువా కింది అరలో ఉంటుంది. ఒకసారి అమ్మ దాన్ని వాషింగ్ మెషీన్ దాకా తీసుకెళ్లింది. ఇప్పుడు గలీబు మీద మార్కర్‌తో "టెంటు, ఉతకొద్దు" అని రాసి పెట్టాను.